బురుల్ ఇంట్లోనే ఉందమ్మా

బిష్కెక్ పట్నంలో ఓ కళ్లద్దాల దుకాణంలో నా పని. అద్దాన్ని ఫ్రేముకు సరిపడా అరగదీసి, బిగించి, తుడిచి చేతికివ్వాలి. ఆ పనంటే నాకిష్టం. ఇష్టం లేనిది ఒకటే. గుమ్మం తొక్కిన ప్రతి మనిషినీ ఫోన్ నంబర్ అడగమంటాడు మా యజమాని. అడుగుతాను. జనం కూడా వెనకాముందూ చూడకుండా గడగడా చెప్పేస్తారు. ఓసారి ఒక ముసలాయన మాత్రం, "అద్దాలు నా కళ్లకమ్మా, ఫోనుకి కాదు" అన్నాడు. ఆయనకి దండం పెట్టాలనిపించింది.

నంబర్ ఇస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ముందటేడు ఆకులు రాలే రోజుల్లో యాప్‌లో టాక్సీ పిలుచుకుని ఇంటికెళ్లాను. మర్నాడు ఆ డ్రైవర్ నుంచి మెసేజ్. "నిన్న ముభావంగా ఉన్నారేం? నవ్వితే బాగుంటారు." ఆ నంబర్ ఆపేశాను. వేరే నంబర్ నుంచి వచ్చాడు. అదీ ఆపేస్తే ఇంకోటి. చివరికి ఓ సాయంత్రం, "కిటికీ తెర మార్చారా? పాతదే నప్పింది" అని వచ్చింది. తెర నిజంగానే మార్చాను. ఆ వారంలోనే ఇల్లు ఖాళీ చేసి, సిమ్ రెండు ముక్కలు చేసి పారేశాను.

కొత్త నంబర్ ఇద్దరికే ఇచ్చాను. ఒకరు మా యజమాని. రెండో మనిషి కొండల్లో నారిన్ అనే ఊళ్లో ఉండే మా అమ్మ. అమ్మకి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఫోన్ తెర మీద అక్షరాలు కనపడవు. అందుకని నా నంబర్ కంఠతా పట్టించాను. "ఎవరడిగినా చెప్పకమ్మా" అని ఒట్టు కూడా వేయించుకున్నాను.

"నన్నెవరడుగుతారే? గొర్రెలడుగుతాయా?" అని నవ్వింది అమ్మ.

అప్పటినుంచి ఎక్కడికెళ్లినా నాకిదే గొడవ. మందుల షాపులో తగ్గింపు కావాలంటే నంబర్. జుట్టు కత్తిరించుకోవాలంటే నంబర్. ఒకచోట కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోపే ఆ పిల్ల, "అక్కా, మా యాప్‌లో చేరండి, మీ నంబర్..." అంది. చేరనన్నాను. నేనేదో ఆమె చేతిలో కాఫీ ఒలకబోసినట్టు చూసింది.

సరే, బయటంటే కాదనొచ్చు. నా ఇంటి గుమ్మమే అడిగితే ఏం చేయను?

నేను అద్దెకున్నది ఏడో మైక్రో అనే పేటలో, తొమ్మిదంతస్తుల పాత భవనంలో. నాలుగో అంతస్తు, యాభై ఒకటో ఫ్లాటు. ఇంటి యజమాని ఎర్నిస్ కజాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడో గాని ఫోనెత్తేవాడు కాదు. కింద ఇనప తలుపుకి గుండ్రటి చిన్న తాళంచెవి తాకిస్తే తెరుచుకునేది. డిసెంబరులో ఆ తలుపు దగ్గర పాత పెట్టె పీకేసి, కెమెరా ఉన్న కొత్త ఇంటర్‌కామ్ బిగించారు. ఎవరైనా కింద ఫ్లాటు నంబర్ నొక్కితే మన ఫోన్ మోగుతుంది, మాట్లాడి తలుపు తీయొచ్చు. మన తలుపు మనం తీసుకోవాలన్నా అదే యాప్. కరెంటు పోయినా తలుపు తెరుచుకోకుండా లోపల బ్యాటరీ కూడా పెట్టారు. యాప్‌లో చేరాలంటే ఏం కావాలో చెప్పక్కర్లేదు కదా.

మా మెట్లదారి పెత్తనమంతా రెండో అంతస్తు అనార్కన్ అక్కది. అరవయ్యేళ్లుంటాయి. మోకాళ్ల నొప్పులు, పెద్ద గొంతు. ఆమె దగ్గరికెళ్లి, పాతదానిలాంటి తాళంచెవి ఒకటి ఇప్పించమని అడిగాను.

"అందరూ ఇచ్చారు. నీకొక్కదానికే ఏం నొప్పి?"

"నాకు ఇష్టం లేదక్కా."

"నంబరేగా అడిగింది, కిడ్నీ అడిగారా?"

"కిడ్నీ అయినా రెండున్నాయి. నంబర్ ఒక్కటే ఉంది నాకు."

"అబ్బో! దేశాధ్యక్షుడి నంబర్ కూడా ఇంత దాచరు" అని తలుపేసుకుంది.

దాంతో రోజూ సాయంత్రం నాకు కిందే కాపలా. ఐదింటికే చీకటి. ఊరంతా బొగ్గు పొగ. గొంతులో ఇసక పోసినట్టుండేది. కుక్కని తిప్పుకొచ్చేవాడో, రొట్టె కొనుక్కొచ్చే ఆవిడో తలుపు తీస్తే వాళ్ల వెనకే దొంగలా దూరేదాన్ని. ఒకరోజు అరగంట నిలబడ్డాను. కాళ్ల వేళ్లు చచ్చుబడ్డాయి. నా ఇంటికి నేను అద్దె కడుతూ, నా ఇంట్లోకి పోవడానికి ఎవడి కుక్క కోసమో ఎదురుచూడ్డమేమిటని కళ్లనీళ్లు తిరిగాయి. బాధతో కాదు, ఒళ్లుమంటతో.

ఆ కోపంలోనే ఆ పని చేశాను.

మా ఫ్లాటు నడవలో చెప్పుల అర మీద ఒక పాత ఎర్ర ఫోను ఉండేది. వేలు పెట్టి తిప్పే రకం. దాని తీగ జానెడు కూడా లేదు, కత్తిరించేసి ఉంది. దాని మీద అతికించిన కాగితం ముక్క మీద ఆరంకెల నంబర్. నాకా నంబర్ చూడగానే నవ్వొచ్చింది. యాప్ తెరిచి, నా నంబర్ అడిగిన చోట అదే కొట్టాను. అది ఒప్పుకోదని తెలుసు. ఒకసారి దాని మొహాన తప్పుడు నంబర్ కొట్టిన తృప్తి చాలనుకున్నాను.

"కోడ్ మెసేజ్‌లో పంపాలా? ఫోన్ చేసి చెప్పాలా?" అని అడిగింది యాప్.

ఫోన్ చెయ్యవే, చూద్దాం... అనుకుంటూ నొక్కాను.

నడవలో ఎర్ర ఫోను మోగింది.

ఒక్కసారే. పాత గంట... ఇల్లంతా గణగణమంది. దుమ్ముపట్టిన రిసీవర్ నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలీదు. చెవి దగ్గర పెట్టుకున్నాను. గరగర లేదు, హోరు లేదు. పక్కగదిలోంచి మాట్లాడినంత దగ్గరగా ఓ ముసలావిడ గొంతు. ఒక్కో అంకే ఆగి ఆగి చెప్తోంది, కళ్లద్దాలు లేకుండా చదువుతున్నట్టు. ఆరంకెలూ అయిపోయాయి.

"రాసుకున్నావా?" అంది.

పెట్టేశాను.

మనిషి తనకి కావలసినట్టు నమ్మగలడు. గోడలో ఇంకో తీగ ఉండి ఉంటుందనుకున్నాను. రికార్డు చేసిన గొంతుకి అలా అడగడం నేర్పి ఉంటారనుకున్నాను. ఆ ఆరంకెలూ కొట్టాను. "స్వాగతం, ఫ్లాటు 51" అని వచ్చింది. కిందికి దిగి చూస్తే తలుపు ఠక్కున తెరుచుకుంది. నంబర్ ఇవ్వలేదు, తలుపు తెరుచుకుంది! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

వారం తిరక్కుండా అనార్కన్ అక్క మెట్ల మీద నన్నాపింది.

"ఏమ్మా, మీ ఇంటికి వచ్చేపోయే జనం ఎక్కువైపోయారు. పగలంతా ఎవరో ఒకరు. మెట్లనిండా తడి అడుగులు, అన్నీ నీ ఫ్లాటు దాకా. తుడిచేవాళ్లెవరు?"

"పగలు నేను దుకాణంలో ఉంటాను కదక్కా. ఇంట్లో ఎవరూ ఉండరు."

"ఎవరూ లేకపోవడమేంటి? నిన్న నేను ఫోన్ మర్చిపోయి బయటికెళ్లి, నీ ఫ్లాటే నొక్కాను. మీ అమ్మగారు పలికారు. మర్యాదస్తురాలు! నీలా కాదు. మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగి మరీ తలుపు తీశారు."

"మా అమ్మ నారిన్‌లో ఉంది."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "అయితే ఎవరే ఆవిడ?"

పైకెళ్లి ఫ్లాటంతా వెతికాను. మంచం కింద, బట్టల బీరువాలో, బాల్కనీలో. ఎవరూ లేరు. ఎర్ర ఫోను ఎత్తి చూశాను. చడీచప్పుడూ లేదు, చచ్చిన కప్పలా ఉంది. తీగ చివర రాగి నల్లబడిపోయింది. నడవలో మాత్రం నేలంతా తడిగా ఉంది... నా బూట్లు అప్పటికింకా విప్పలేదు. నా అడుగుల కింద తడి అనుకున్నాను. కాని నేను నిలబడని చోట కూడా ఉంది.

ఎర్నిస్‌కి అనార్కన్ అక్క ఫోన్ అడిగి చేస్తే, అదృష్టం బాగుండి ఎత్తాడు.

"ఆ ఫోనా? మేము ఆ ఫ్లాటు కొన్నప్పుడే ఉంది. తీగ నేనే కోశాను, గోడకి కాగితం అంటించేటప్పుడు. పారేద్దామనుకుంటూనే మర్చిపోయాను. ఎందుకు, నీకు కావాలా?"

"ఎందుకు కోశారు?"

"మోగుతుండేది" అన్నాడు. ఏదో పనుందని పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలోంచి ఇంటర్‌కామ్ కంపెనీకి ఫోన్ చేశాను. నా సొంత నంబర్ కనపడకుండా యజమాని ఫోన్ నుంచి చేశాను. ఎంత భయంలోనూ ఆ జాగ్రత్త మానలేదు. వినసొంపైన గొంతున్న కుర్రాడెవరో ఎత్తాడు.

"యాభై ఒకటో ఫ్లాటుకి పెట్టిన నంబర్ తీసేయాలండీ."

"తప్పకుండా మేడమ్. ఆ నంబర్ గలవాళ్లు అడగాలి."

"ఆ ఫ్లాటులో ఉండేది నేనే. పెట్టింది కూడా నేనే."

"ఆ నంబర్ మీదేనా?"

"కాదు. ఎవరిదీ కాదు. ఆ ఫోనుకి తీగే లేదు."

"నిబంధన ప్రకారం ఆ నంబర్‌కి మేం ఫోన్ చేసి అడగాలి మేడమ్. ఒక్క నిమిషం."

పాట వేశాడు. ఎత్తరు... ఎవరెత్తుతారు... అని నాలో నేనే గొణుక్కుంటున్నాను. పాట ఆగింది.

"మేడమ్, వాళ్లు ఒప్పుకోవడం లేదు."

"ఎవరు?"

"ఆ ఇంటావిడ. మీరు కొన్నాళ్ల కోసం వచ్చి ఉంటున్న అమ్మాయట కదా. యాప్‌లోంచి మిమ్మల్నే తీసేయమన్నారు. తీసేశాను."

"నువ్వు మాట్లాడింది ఎవరితోనో తెలుసా నీకు? ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను!"

"పెద్దవాళ్లతో మాటపట్టింపులు ఇంట్లోనే తేల్చుకోండి మేడమ్" అన్నాడు మెత్తగా. "మా సేవ నచ్చితే ఐదు నొక్కండి. పోతే, ఇకమీదట మా కబుర్లు పంపడానికి మీ సొంత నంబర్ ఏమైనా..."

జీవితంలో ఎప్పుడూ తిట్టని తిట్లు తిట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసుకుంటున్న ఓ ముసలమ్మ అద్దాలు తీసి మరీ నావైపు చూసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా పేటలో కరెంటు లేదు. భవనాలన్నీ నల్లటి కొండల్లా ఉన్నాయి. ఇంటర్‌కామ్ పెట్టె మాత్రం బ్యాటరీ మీద పచ్చగా వెలుగుతోంది. ఫోన్‌లో యాప్ తెరిస్తే, "మీరు ఈ ఇంటివారు కారు" అని వచ్చింది. ఎవరైనా వస్తారేమోనని చూశాను. ఎవరూ రాలేదు. ఆ పొగలో, ఆ చలిలో ఎవరొస్తారు.

ఎందుకు నొక్కానో ఇప్పటికీ చెప్పలేను. ఒకసారి నా చెవులతో నేను వినాలనిపించింది. ఐదు, ఒకటి నొక్కాను.

మోగింది. రెండోసారి మోగకముందే ఎత్తారు.

"ఎవరూ?" అదే గొంతు.

"నేను... బురుల్."

"బురుల్ ఇంట్లోనే ఉందమ్మా. వాళ్లమ్మ వచ్చింది ఊరినుంచి. ఆవిడకి టీ పెడుతోంది."

ఆ గొంతు వెనక, టీ గిన్నెలో చెంచా తిరుగుతున్న చప్పుడు. దాని వెనక... ఒక దగ్గు. పొడి దగ్గు. మా అమ్మ దగ్గు.

అమ్మ కంటి ఆపరేషన్‌కి రావాలి. కాని రేపు కదా రావాలి!

"నీ నంబర్ చెప్పి వెళ్లమ్మా" అంది గొంతు, ఎంతో ఆప్యాయంగా. "తనతో చేయిస్తాను."

నా పెదవులు కదిలాయి. నిజం చెప్పొద్దూ, మొదటి అంకె నాలుక మీదికి వచ్చేసింది. అంత ఆప్యాయంగా అడిగింది. నోరు గట్టిగా మూసుకున్నాను.

"చెప్పవా?" అంది. కాసేపు ఊపిరి వినిపించింది. పెట్టేసింది.

అమ్మకి ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నొక్కాను.

"ఏమే?" అమ్మ గొంతులో నవ్వు. "వంటగదిలోంచి ఫోన్ చేస్తున్నావేంటి? రెండడుగులు వేసి రాలేవూ?"

"అమ్మా... ఎప్పుడొచ్చావు?"

"మళ్లీ అడుగుతోంది చూడు! చెప్పాగా, ఇవాళే కారు దొరికిందని ఎక్కేశాను. డ్రైవర్ గుమ్మం దాకా తెచ్చి ఫ్లాటు నంబర్ నొక్కాడు. నువ్వు రమ్మన్నావు, వచ్చాను. నా కోటు విప్పి తగిలించావు. ఇంతకీ టీ అయిందా? దీపమన్నా పెట్టవేమే, ఈ చీకట్లో నాకు అసలే కనపడి చావదు."

"అమ్మా, మెల్లగా మాట్లాడు." నాకు తెలీకుండానే గుసగుసలాడుతున్నాను. "నేను కింద ఉన్నాను. వీధిలో."

"మరి వంటగదిలో ఎవరు?"

"అమ్మా, లే. కోటు వద్దు, ఏమీ వద్దు. గోడ పట్టుకుని బయటికి నడు."

చెంచా చప్పుడు వినిపిస్తోంది. ఫోన్‌లోంచి... సన్నగా... తిరుగుతూ...

ఆగిపోయింది.

"ఏమే, అలా నిలబడ్డావేం?" అంది అమ్మ. నాతో కాదు.

అనార్కన్ అక్క ఫ్లాటు నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. "ఎవరికి చావొచ్చింది?" అని అరుస్తూ ఎత్తింది. "అక్కా, తలుపు తియ్యి, మా అమ్మ పైనుంది, ఆవిడతో ఉంది" అన్నాను. ఆ అక్క నోట్లో ఎన్ని తిట్లున్నాయో నాకు తెలుసు. ఒక్కటీ రాలేదు. తలుపు ఠక్కుమంది.

కరెంటు లేక లిఫ్టు ఆగిపోయింది. చీకట్లో మెట్లెక్కాను. రెండో అంతస్తులో అక్క టార్చి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెను దాటుతుంటేనే వాసన తగిలింది. కాగిన నూనె వాసన. పోయినవాళ్లకి అందాలని మా ఇళ్లలో గురువారం పూట పిండి వేయిస్తామే... ఆ వాసన. ఆ రోజు గురువారం కాదు. నా ఫ్లాటులో నూనె చుక్క లేదు.

మూడో అంతస్తు. మెట్లు తడిగా ఉన్నాయి. జారాను, మోకాలు కొట్టుకుంది. లేచాను.

నాలుగో అంతస్తులో మా తలుపు బారెడు తీసి ఉంది. అమ్మ మెట్ల మీదికి వచ్చేసింది. కోటు లేదు, తలకి గుడ్డ లేదు. గోడని రెండు చేతులతో తడుముకుంటూ నిలబడి ఉంది. పట్టుకున్నాను. నా మొహం చేతుల్లోకి తీసుకుని తడిమింది. కళ్లు, ముక్కు, గడ్డం.

"చల్లగా ఉన్నావేమే?" అంది. "ఇందాక వెచ్చగా ఉన్నావు."

"పద అమ్మా."

అమ్మ భుజం మీదుగా లోపలికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. నడవ చివర వంటగది. గ్యాస్ పొయ్యి నీలంగా వెలుగుతోంది. మనిషెవరూ లేరు. గోడ మీద మాత్రం పొయ్యి ముందు నిలబడ్డ మనిషి నీడ ఉంది. జుట్టు ముడి పెట్టుకునే తీరు నాదే. ఆ నీడ తల ఇటు తిప్పింది...

నా చేతిలో ఫోన్ మోగింది.

తెర మీద ఆరంకెలు. ఎర్ర ఫోను మీద కాగితం ముక్క నంబర్. నా నంబర్ లోకంలో ఇద్దరికే తెలుసు.

"అమ్మా... నా నంబర్ ఎవరికైనా చెప్పావా?"

"నువ్వే అడిగావు కదే, టీ పెడుతూ. నా నంబర్ నాకే గుర్తు రావడం లేదమ్మా అన్నావు. ఏం, నీకు నీ నంబర్ చెప్పడం కూడా తప్పేనా?"

మోగుతూనే ఉంది. లోపలి నడవలో, చెప్పుల అర దగ్గర, ఎవరో రిసీవర్ చెవికి ఆనించుకుని వింటున్నట్టు, టూ... టూ... అని అవతలి చప్పుడు. నా ఫోన్‌తో సమంగా. నేను కట్ చేయలేదు, ఎత్తలేదు. దాన్ని ఆ మెట్ల మీదే వదిలేసి అమ్మని నడిపించుకుంటూ కిందికి వచ్చేశాను.

ఆ రాత్రి అనార్కన్ అక్క ఇంట్లో పడుకున్నాం. పడుకున్నామనడమే. అక్క పీడ పోవడానికి జునిపెర్ చెట్టు కొమ్మ వెలిగించి గది గదికీ పొగ పట్టింది, నా చుట్టూ మూడుసార్లు తిప్పింది. "నంబరేగా అన్నాను. నా నోరు పడిపోను" అని ఎన్నోసార్లు అంది.

తెల్లారాక అక్కా నేనూ పైకెళ్లాం. వంటగది బల్ల మీద రెండు టీ గిన్నెలు. ఒకదాంట్లో టీ అడుగు దాకా తాగేసి ఉంది. రెండోది అంచుదాకా నిండి, పైన పాల మీగడ గడ్డకట్టింది. అమ్మ కోటు కొక్కేనికి నీటుగా తగిలించి ఉంది, గుండీలన్నీ పెట్టి. ఎర్ర ఫోను తువ్వాలులో చుట్టి, వీధి చివర చెత్తకుండీలో వేసి వచ్చాను. సామాను సర్దడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ ఫ్లాటు గడప మళ్లీ తొక్కలేదు. కొత్త ఇంటర్‌కామ్‌లో యాభై ఒకటి నొక్కితే ఇప్పటికీ ఎవరో పలుకుతున్నారని, ఆ నంబర్ నొక్కొద్దని పెట్టె పక్కన కాగితం అంటించామని అక్క తర్వాత చెప్పింది. కంపెనీవాళ్లని తీసేయమంటే ఆ ఇంటావిడ ఒప్పుకోవడం లేదన్నారట.

మళ్లీ సిమ్ మార్చాను. కొత్త గది ఊరవతల, ఒక్క అంతస్తు ఇల్లు. తలుపుకి ఇనప గడియ ఉంది. యాప్ లేదు. టాక్సీ ఎక్కడం మానేశాను, ఇంటికి ఏదీ తెప్పించుకోను. దుకాణంలో యజమాని చూడనప్పుడు నంబర్లడగడం కూడా మానేశాను. ఇంత చేసినా మా అమ్మకి మాత్రం అర్థం కాలేదు. ఎన్నిసార్లు చెప్పినా కొట్టిపారేస్తుంది.

"నా కూతురి చెయ్యి నాకు తెలీదుటే? కోటు విప్పింది నువ్వే. పట్నంలో ఉండి ఉండి నీకు భయం ఎక్కువైంది."

అక్కడికొచ్చేసరికి నాకు ఓపిక చచ్చిపోతుంది. వాదించడం మానేశాను.

అమ్మకి ఆపరేషన్ బాగా జరిగింది. నారిన్ తిరిగి వెళ్లిపోయింది. కొండ మీద గొర్రెల్ని కూడా లెక్కపెడుతున్నానని మురిసిపోయేది. మంచు కరిగే రోజుల్లో, ఓ మధ్యాహ్నం దుకాణంలో తీరిక దొరికి అమ్మకి ఫోన్ చేశాను.

"మళ్లీ ఏమొచ్చిందే?" అంది.

"మళ్లీ ఏంటమ్మా?"

"ఇప్పుడేగా పెట్టేశావు. గంటసేపు మాట్లాడావు. మీ పిన్నిది, మామయ్యది, పక్కూరి వాళ్లవీ అందరి నంబర్లూ అడిగావు. నేనే ఫోన్‌లో చూసి చదివాను, ఒక్కటీ తప్పు పోలేదు తెలుసా! ఈ వయసులో ఇంత చక్కగా కనపడుతుందనుకోలేదు."

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. "అందరివీ చెప్పేశావా?"

"అందరివీ. నాన్నది ఒక్కటే నువ్వు నాకు చెప్పావు."

మా నాన్న గొర్రెల కాపరి. నా చిన్నప్పుడే, కొండ కనుమలో మంచు తుపానులో పోయాడు. ఆయన బతికుండగా మా ఊరికి ఫోనే రాలేదు.

"అమ్మా... నాన్న నంబరా?"

"నువ్వే కదే చెప్పావు." అమ్మ గొంతు సంతోషంగా వణుకుతోంది. "ఉండు, పెట్టెయ్. ఇంకో లైన్లో ఆయనే చేస్తున్నట్టున్నారు."